పాత సైఫై బీ-సినిమాల్లో మైకు నీడలు, పట్టపగటి రాత్రులు: ఇవన్నీ తీసినవాళ్ల తప్పులేనా?

పెన్నా_తీరం
1950ల అమెరికా సైఫై బీ-సినిమాలు, అంటే రెండు సినిమాల ఆటలో రెండోదిగా చౌకలో తీసినవి, వరసపెట్టి చూస్తున్నాను, నాలుగయ్యాయి. 'ప్లాన్ 9 ఫ్రమ్ ఔటర్ స్పేస్'లో విమానం కాక్‌పిట్ సీనులో పైనుంచి మైకు నీడ పడుతోంది. శ్మశానంలో ఒక షాటు చీకటి, పక్క షాటు మిట్టమధ్యాహ్నం. 'అటాక్ ఆఫ్ ది 50 ఫుట్ ఉమన్'లో ఆవిడ ఒంట్లోంచి వెనకున్నవన్నీ కనిపిస్తున్నాయి. 'ఇట్ కాంకర్డ్ ది వరల్డ్'లో శుక్రగ్రహం జీవి గుమ్మడికాయకి కోరలు పెట్టినట్టుంది. వీటిని ప్రేమించేవాళ్లు అసలు దేన్ని చూసి ప్రేమిస్తున్నారు? తప్పులు ఏరుకుంటూ నవ్వుకోవడం మీద నాకు ఆసక్తి లేదు. సరిగ్గా చూడ్డం ఎలాగో తెలిసినవాళ్లు చెప్పండి.

రీలుపెట్టె
మైకు సంగతి ముందు తేల్చుకుందాం. మీరు చూసింది ఫ్రేము మొత్తం తెరిచేసిన కాపీ. 1953 నుంచి హాలీవుడ్ వెడల్పు తెరకి మారింది. అయితే చాలా సినిమాలకి కెమెరా మారలేదు, అదే పాత 1.37:1 (ఎత్తు ఒకటైతే వెడల్పు 1.37) ఫ్రేమునే ఎక్స్‌పోజ్ చేసేది. కెమెరామన్ తను చూసే గ్రౌండ్ గ్లాసు మీద 1.85 గీతలు గీసుకుని ఆ గీతల మధ్యే బొమ్మ కూర్చేవాడు. హాల్లో ప్రొజెక్టర్ గేటులో పెట్టే అపర్చర్ ప్లేటు పైనా కిందా కోసేసేది. ఆ కోసేసే భాగంలో మైకు ఉన్నా, సెట్టు గోడ అంచు కనిపించినా ఎవరూ పట్టించుకునేవాళ్లు కాదు, తెర మీదకి రాదు కాబట్టి. తర్వాత టీవీకీ, వీడియో క్యాసెట్లకీ ఎక్కించేటప్పుడు గీతల సంగతి మరిచి ఫ్రేమంతా తెరిచేశారు.

ఇంట్లో సరిచేసుకోవడం తేలిక. కంప్యూటర్లో వీడియో ఆడించే వీఎల్‌సీలో ఇంగ్లిష్ సీ అక్షరం మీట నొక్కుతూ పోతే క్రాప్ నిష్పత్తులు మారతాయి, 1.85:1 దగ్గర ఆపండి. ఇంగ్లిష్ 'A' అక్షరం మీట జోలికి వెళ్లొద్దు, అది బొమ్మని సాగదీస్తుంది, కొయ్యదు. లెక్క కావాలంటే: 1480×1080 పిక్సెళ్ల బొమ్మలో 1.85కి ఎత్తు 800 రావాలి. అంటే పైన 140, కింద 140 పిక్సెళ్ల వరసలు పోతాయి. మైకులు ఎక్కువగా ఆ పై 140లోనే దొరుకుతాయి.

చీమలపుట్ట
ఒక హెచ్చరిక కూడా చేర్చండి, లేకపోతే అన్నిటికీ కత్తెర వేస్తారు. 1951 నాటి 'ది థింగ్ ఫ్రమ్ అనదర్ వరల్డ్', 'ది డే ది ఎర్త్ స్టుడ్ స్టిల్' 1.37 కోసమే కూర్చినవి. వాటిని కోస్తే తలకాయలు ఎగిరిపోతాయి. 1953 సరిహద్దు సంవత్సరం, ఆ ఏడాది సినిమాలు ఒక్కొక్కటీ విడిగా చూసుకోవాలి. 'ఇన్వేడర్స్ ఫ్రమ్ మార్స్' 1.37లోనే బాగుంటుంది. గుర్తుపట్టే పద్ధతి: నిలబడ్డ మనిషి తలకి పైన ఎప్పుడూ ఒకే కొలత ఖాళీ మిగులుతుంటే అది కొయ్యడానికి వదిలిన చోటు. తల పైఅంచుకి ఆనుకునే ఉంటే ముట్టుకోవద్దు.

ఓరుగల్లు_ఓబీ
మంచిగ చెప్పిన్రు గని, అన్ని పాపాలు వీడియో కాపీ మీదికి నూకుడు న్యాయం గాదు. క్రాప్ చేస్తే మైకు పోతది. కాక్‌పిట్ల తలుపు జాగల ఏలాడుతున్న పరద పోతదా? పోదు. పైసల్లేక గట్ల పెట్టిన్రు. గది ఒప్పుకొని మాట్లాడుదాం.

రీలుపెట్టె
ఒప్పుకుంటాను అన్నా. ఏది డబ్బు లేక జరిగింది, ఏది కాపీ చేసినవాళ్లు పాడుచేసింది అన్నది విడగొట్టుకోవాలనే నా మాట. పగలూ రాత్రీ కలిసిపోవడంలో రెండూ ఉన్నాయి.

పగలే తీసి రాత్రిగా చూపించడం అప్పట్లో మామూలు పద్ధతి. ఎక్స్‌పోజర్ రెండు స్టాపుల దాకా, అంటే వెలుగు నాలుగో వంతు దాకా తగ్గిస్తారు. సూర్యుడిని పాత్రల వెనకో పక్కనో ఉంచుతారు. నలుపు తెలుపు ఫిలిం అయితే ఎర్ర ఫిల్టర్ పెడతారు, నీలాకాశం నల్లబడుతుంది. వీలైనంతవరకు ఆకాశాన్ని ఫ్రేములోకి రానివ్వరు. మిగిలిన చీకటి ల్యాబులో ప్రింటు వేసేటప్పుడు వస్తుంది, ఫలానా షాటు ముదురుగా వెయ్యమని రాసి పంపుతారు. ఏళ్ల తర్వాత నెగటివ్ నుంచి వీడియో చేసేవాడి దగ్గర ఆ కాగితం ఉండదు. బొమ్మ మసకగా ఉంది కదా అని వెలుగు పెంచేస్తాడు, రాత్రి కాస్తా మధ్యాహ్నమైపోతుంది. వీఎల్‌సీలో వీడియో ఎఫెక్ట్స్‌కి వెళ్లి బొమ్మ వెలుగు సర్దే గామా 1.00 నుంచి 0.7 దగ్గరికి దించి ఆ షాట్లు మళ్లీ చూడండి.

'ప్లాన్ 9'లో స్టూడియోలో తీసిన శ్మశానం, బయట ఎండలో తీసిన ముక్కలు పక్కపక్కనే అతికారు. అక్కడ గామా కొంతవరకే కాపాడుతుంది. అందులో నటుడు బేలా లుగోసీ 1956 ఆగస్టులో చనిపోయాడు. ఆయన మీద అప్పటికే తీసి ఉన్న కాసిని నిమిషాల మూగ ఫిలిమే దర్శకుడు ఎడ్ వుడ్ చేతిలో ఉంది. మిగతా చోట్లంతా వేరే మనిషి నల్ల అంగీని ముఖానికి అడ్డం పెట్టుకుని నడుస్తాడు.

వెన్నెల_వీధి
ఈ వెలుగు లెక్క ఎంత కష్టమో తెలియాలంటే 1957 'మాయాబజార్'లో కెమెరామన్ మార్కస్ బార్ట్‌లీ వెన్నెల చూడండి. నీళ్ల మీద మెరుపు, ముఖాల మీద మెత్తని వెలుగు, వెనక ముదురు ఆకాశం, మూడూ ఒకే రాత్రిలా కలుస్తాయి. ఇక్కడా అక్కడా పనిముట్లు ఒకటే. బార్ట్‌లీకి దొరికిన వ్యవధి ఎడ్ వుడ్‌కి దొరకలేదు.

అద్దంపెయింటు
పెన్నా_తీరం అడిగిన పారదర్శక మహిళ సంగతి. అది మాస్కు లేకుండా ఒకే ఫిలిం మీద రెండు బొమ్మలు వెయ్యడం వల్ల వచ్చింది. నల్ల తెర ముందు నటిని తీసి, ఆ బొమ్మని ఊరి దృశ్యం మీద పడేశారు. వెనక దృశ్యంలో తెల్లగా ఉన్న భాగం ఫిలింని అప్పటికే కాల్చేసింది, దాని మీద మనిషి బొమ్మ నిలబడదు. మనిషి ఆకారంలో నల్ల మాస్కు చేసి ఆ మేర వెనక బొమ్మ పడకుండా ఆపాలి. కదిలే మనిషికి ఆ మాస్కు ఫ్రేముకొకటి కావాలి, అంటే సెకనుకి 24. 66 నిమిషాల సినిమాకి ఆ ఖర్చు పెట్టలేదు. మన మద్రాసు స్టూడియోల డబుల్ యాక్షన్ మాస్క్ షాట్ ఇంతకన్నా సులువు, ఎందుకంటే అక్కడ ఒకే నటుడి రెండు బొమ్మల్ని విడదీసే గీత కదలదు. తలుపో స్తంభమో చూసుకుని అక్కడ గీత దాచేవాళ్లు.

ఇదే పనిని బొమ్మల్ని ఫ్రేము ఫ్రేముకీ కదిపి తీసే రే హ్యారీహౌసెన్ 1953లో 'ది బీస్ట్ ఫ్రమ్ 20,000 ఫాథమ్స్' కోసం ఎలా చేశాడో చూడండి. ముందు వీధిలో పరిగెత్తే జనాన్ని తీస్తారు. ఆ ఫిలింని చిన్న తెర మీద వెనకనుంచి ఒక్కో ఫ్రేము చొప్పున పడేస్తారు. తెర ముందు బల్ల, బల్ల మీద బొమ్మ జంతువు. కెమెరా ముందు ఒక అద్దం. దృశ్యంలో ముందుండాల్సిన భాగాన్ని, అంటే రోడ్డూ కార్లూ ఉన్న కింది భాగాన్ని ఆ అద్దం మీద నల్ల పెయింటుతో మూసేస్తారు. బొమ్మని వెంట్రుకవాసి కదిలించి ఒక ఫ్రేము, మళ్లీ కదిలించి ఇంకో ఫ్రేము. షాటు పూర్తయ్యాక ఫిలింని కెమెరాలోనే మొదటికి తిప్పి, ఈసారి అద్దం మీద పైభాగం మూసి, బొమ్మ తీసేసి, కింది భాగం మాత్రమే ఎక్స్‌పోజ్ చేస్తారు. జంతువు వీధికీ జనానికీ నడుమ ఇరుక్కున్నట్టు కనిపిస్తుంది.

తేడా కొట్టేది ఎక్కడంటే, వెనకనుంచి పడ్డ బొమ్మని మళ్లీ ఫొటో తీస్తున్నాం కాబట్టి గ్రెయిన్ పెరుగుతుంది, మధ్యలో వెలుగు ముద్ద కడుతుంది, పెయింటు గీత దగ్గర రెండు భాగాలు సన్నగా వణుకుతాయి. ఆ వణుకు కనిపెట్టగలిగితే గీత ఎక్కడ దాచాడో తెలుస్తుంది. నాకు ఈ సినిమాల్లో అన్నిటికన్నా ఇష్టమైన పని అదే.

చీమలపుట్ట
1955 'ఇట్ కేమ్ ఫ్రమ్ బినీత్ ది సీ'లో ఆక్టోపస్‌కి ఆరు చేతులే. రెండు చేతుల కీళ్లూ, వాటిని ఫ్రేము ఫ్రేముకీ కదిపే శ్రమా మిగిల్చుకున్నారు. ఎప్పుడూ కొన్ని నీళ్లలోనే ఉంటాయి కాబట్టి లెక్కపెడితే తప్ప తెలీదు.

మినియేచర్_మావ
బొమ్మ భవనాలు కూలే సీన్లకి ఒక సూత్రం చెబుతాను, ఇది తెలిస్తే ఏ షాటు ఎందుకు తేలిపోయిందో మీరే చెప్పగలరు. 16 మీటర్ల భవనం పైనుంచి ఇటుక పడటానికి 1.8 సెకన్లు పడుతుంది. అదే భవనం మీటరు ఎత్తు బొమ్మైతే 0.45 సెకన్లు. కాబట్టి కెమెరాని నాలుగు రెట్లు వేగంగా తిప్పాలి, 24 బదులు 96 ఫ్రేములు. స్కేలు ఎంతైతే దాని వర్గమూలంతో 24ని గుణించడమే. 1954 జపాన్ సినిమా 'గోజిరా' (గాడ్జిల్లా) నగరాన్ని 1/25 దగ్గరలో కట్టారు. ఆ స్కేలుకి లెక్క ప్రకారం 120 వస్తుంది. వేగం పెంచితే ఫ్రేముకి వెలుగు తగ్గుతుంది, లైట్లు పెంచాలి, గాడ్జిల్లా సూటులో ఉన్న మనిషి ఉడికిపోతాడు. హరువో నకజిమా వేసుకున్న మొదటి సూటు 100 కిలోల దాకా ఉండేది.

ఈ సూత్రానికి లొంగనిది నీళ్లు. కెమెరా ఎంత వేగంగా తిప్పినా నీటి బొట్టు పరిమాణం మారదు. 1/16 స్కేలులో 4 మిల్లీమీటర్ల బొట్టు నిమ్మకాయంత కనిపిస్తుంది. బొమ్మ ఓడలు బొమ్మలని తెలిసిపోయేది అందుకే. పెద్ద స్కేలులో కట్టడం, ఫ్యానుతో నీటి పైభాగాన్ని చెదరగొట్టడం, సబ్బులాంటిది కలిపి తలతన్యత తగ్గించడం తప్ప వేరే దారి లేదు.

నలుపుతెలుపు_నాని
మావ చెప్పింది తలకిందులు చేసి చూస్తే 1957 'ది ఇన్‌క్రెడిబుల్ ష్రింకింగ్ మ్యాన్' అర్థమవుతుంది. అందులో మనిషి చిన్నవాడు, నీటి బొట్టు పెద్దదిగా కనిపించాలి. పైనుంచి బకెట్టుతో నీళ్లు పోస్తే చిందిపోతాయి, బొట్టు ఆకారం రాదు. దర్శకుడు జాక్ ఆర్నాల్డ్ నిరోధ్‌లలో నీళ్లు నింపి పైనుంచి వదిలించాడు. పడేటప్పుడు బొట్టులా సాగుతాయి, నేలకి తగలగానే పగిలి చిమ్ముతాయి.

ఓరుగల్లు_ఓబీ
గీ ముచ్చట నాకు ఎరుకలే. మళ్ల జూడాలె ఆ సీను.

కాకినాడ_కాజా
పెద్ద చీమలూ సాలీళ్లూ సైన్సు ప్రకారం అసాధ్యం అని ఎవరో ఒకరు అంటారు కాబట్టి నేనే అనేస్తాను. 'దెమ్' సినిమాలో చీమ దాదాపు 3 మీటర్లు. 6 మిల్లీమీటర్ల చీమకి అది 500 రెట్లు. పొడవు 500 రెట్లైతే కాళ్ల అడ్డుకోత 2.5 లక్షల రెట్లు, బరువు 12.5 కోట్ల రెట్లు. అంటే కాలి మీద ప్రతి చదరపు మిల్లీమీటరూ 500 రెట్లు ఎక్కువ మొయ్యాలి. ఊపిరి ఇంకా కష్టం, చీమ ఒంట్లో గాలి సన్నని గొట్టాల్లోంచి తనంతట తాను లోపలికి పాకాలి. ఈ వాదాన్ని 1926లోనే జనం భాషలో రాసినవాడు జీవశాస్త్రవేత్త జె.బి.ఎస్. హాల్డేన్. ఆయన 1957లో మన దేశం వచ్చేసి, తర్వాత ఇక్కడి పౌరుడయ్యాడు. 1964లో భువనేశ్వర్‌లో పోయాక ఆయన కోరిక ప్రకారం దేహాన్ని మా కాకినాడ రంగరాయ వైద్య కళాశాలకి ఇచ్చారు.

ఇంత తెలిసినా 'దెమ్' నాకు గొప్ప సినిమానే. దాదాపు అరగంట దాకా చీమ కనిపించదు. ఎడారిలో పగిలిన ట్రైలరు, చెల్లాచెదురైన పంచదార, మాట పడిపోయిన పాప, దూరాన ఒక కీచు చప్పుడు. ఆ చప్పుడులో ఉన్నది చెట్టుకప్పల అరుపులు.

చీమలపుట్ట
దాన్ని మొదట రంగుల్లో, త్రీడీలో తియ్యాలనుకున్నారు. చివరి నిమిషంలో రెండూ ఎగిరిపోయాయి. ఆ ఆలోచన గుర్తు ఒక్కటి మిగిలింది: సినిమా అంతా నలుపు తెలుపు, టైటిల్ మాత్రం రంగుల్లో మీదికి దూసుకొస్తుంది. కొన్ని కాపీల్లో టైటిల్ కూడా నలుపు తెలుపే ఉంటుంది. కొనేముందు అది చూసుకోండి. చీమల్ని మాత్రం నిజం సైజులోనే కట్టారు. నటుడు నిజంగా దాని కాలు పట్టుకోగలడు, అందుకే ఆ భయం నమ్మేలా ఉంటుంది.

మినియేచర్_మావ
దానికి ఎదురు ఉదాహరణ 1957 'బిగినింగ్ ఆఫ్ ది ఎండ్'. బర్ట్ గోర్డన్ నిజం మిడతల్ని షికాగో భవనం ఫొటో మీద పాకించాడు. ఒక మిడత భవనం అంచు దాటి ఆకాశం మీద కూడా అడుగేస్తుంది. ఇది కాపీ తప్పు కాదు, క్రాప్ చేసినా పోదు. ఇంకో టేకు తియ్యాల్సింది.

లెక్కలపద్దు
ఇంకో టేకు తియ్యాల్సింది అనడం తేలిక మావా. డబ్బు ఎక్కడినుంచి వచ్చేదో చూడాలి. 1948లో అమెరికా సుప్రీంకోర్టు పారమౌంట్ కేసులో తీర్పిచ్చాక పెద్ద స్టూడియోలు తమ సినిమాలన్నీ కట్టగట్టి హాళ్లకి అంటగట్టడం ఆగింది, సొంత హాళ్లు వదులుకోవాల్సి వచ్చింది. రెండు సినిమాల ఆటలో రెండో సినిమా తియ్యడం వాళ్లకి గిట్టుబాటు కాలేదు. హాళ్లకీ, 1950ల చివరికి 4 వేలు దాటిన డ్రైవ్-ఇన్‌లకీ (కార్లో కూర్చుని చూసే ఆరుబయటి హాళ్లకీ) రెండో సినిమా కావాలి. ఆ ఖాళీలోకి చిన్న కంపెనీలు దిగాయి. మొదటి సినిమాకి వసూళ్లలో శాతం వస్తుంది, రెండోదానికి గంపగుత్త అద్దె. బాగా తీసినా అద్దె పెరగదు. 1954లో మొదలై 1956లో పేరు మార్చుకున్న అమెరికన్ ఇంటర్నేషనల్ పిక్చర్స్ దీనికి మందు కనిపెట్టింది: రెండు సినిమాలూ తనవే జతచేసి అమ్మి, శాతం మొత్తం తానే తీసుకోవడం. వాళ్ల దగ్గర ముందు పేరు పుట్టేది, తర్వాత పోస్టరు, ఆ తర్వాత కథ.

అంకెలు పక్కపక్కన పెట్టండి. 1953 'రోబోట్ మాన్‌స్టర్' నాలుగు రోజుల్లో, 16 వేల డాలర్లతో అయిపోయింది. గొరిల్లా సూటు మీద హెల్మెట్ పెట్టి గ్రహాంతరవాసి అన్నారు. 1956 'ఫర్బిడెన్ ప్లానెట్'లో రాబీ రోబో ఒక్కదానికే లక్ష డాలర్లు పైన అయింది. ఆ రోబో ఖర్చుతో ఆరు 'రోబోట్ మాన్‌స్టర్'లు వస్తాయి. అందుకే 'ఫర్బిడెన్ ప్లానెట్'ని బీ-సినిమా అనకండి, ఎమ్జీఎమ్ పెద్ద సినిమా అది. దాని దుస్తులు 1958లో 'క్వీన్ ఆఫ్ ఔటర్ స్పేస్'కి దిగివచ్చాయి, అదీ అసలైన బీ-పద్ధతి.

ఓరుగల్లు_ఓబీ
నాలుగు దినాలల్ల సినిమా! ఇప్పుడు నాకు ఆ పరద మీద కోపం తగ్గింది.

అద్దంపెయింటు
గుమ్మడికాయ జీవి గురించి ఎవరూ చెప్పలేదు. దాన్ని పాల్ బ్లేయిస్‌డెల్ కట్టాడు. దర్శకుడు రోజర్ కార్మన్ ఆలోచన ఏమిటంటే, గురుత్వాకర్షణ బలంగా ఉన్న గ్రహం మీది జీవి పొట్టిగా, నేలకి అతుక్కుని ఉంటుంది. ఆలోచన సరైనదే, శుక్రగ్రహానికి మాత్రం అది వర్తించదు. కాకపోతే నటి బెవర్లీ గార్లండ్ పక్కన పెట్టేసరికి కాలితో తన్నేంత చిన్నదిగా తేలింది, తల ఎత్తు పెంచాల్సొచ్చింది. గుహలో చీకట్లో ఉండాల్సినదాన్ని చివరికి ఎండలోకి ఈడ్చారు, అక్కడే దెబ్బతింది. బ్లేయిస్‌డెల్ పని చూడాలంటే గుహ సీన్లు చూడండి.

నలుపుతెలుపు_నాని
ఆ గుహే లాస్ ఏంజెలిస్ గ్రిఫిత్ పార్కులోని బ్రాన్సన్ క్యాన్యన్. 'రోబోట్ మాన్‌స్టర్' గుహా అదే, 'ఇన్వేజన్ ఆఫ్ ది బాడీ స్నాచర్స్'లో వాళ్లు దాక్కునే సొరంగమూ అదే.

'బాడీ స్నాచర్స్'కి 1.85 పెట్టొద్దు. మామూలు లెన్సుతో తీసి, ల్యాబులో పైనా కిందా కోసి సూపర్‌స్కోప్‌గా విడుదల చేశారు, నిష్పత్తి 2.00:1. ఇంకో సంగతి: ఆసుపత్రిలో మొదలై ఆసుపత్రిలో ముగిసే ముక్కలు రెండూ స్టూడియో పట్టుబట్టి చేర్పించినవి. దర్శకుడు డాన్ సీగెల్ అనుకున్న ముగింపు హైవే మీద హీరో కెవిన్ మెకార్తీ కేకలతోనే. అక్కడ ఆపేసి చూడండి.

వెన్నెల_వీధి
ఒప్పుకోను నానీ. ఆ ముక్కలు ఉండబట్టే అతని గొంతు కథంతా చెప్పుకుంటూ వస్తుంది. మొదటిసారి చూసేవాళ్లు విడుదలైనట్టే చూడాలి. రెండోసారి మీరు చెప్పినచోట ఆపొచ్చు.

నలుపుతెలుపు_నాని
ఆ గొంతే నాకు అడ్డం. ముందే బతికి బయటపడ్డాడని తెలిసిపోతే భయం సగం పోతుంది.

రీలుపెట్టె
త్రీడీ ప్రస్తావన వచ్చింది కాబట్టి ఒక మాట. 1953-54 త్రీడీ ఎర్ర-నీలం కళ్లద్దాలతో చూసింది కాదు. రెండు ప్రొజెక్టర్లు జతగా తిరుగుతూ, ధ్రువణ (పోలరైజింగ్) ఫిల్టర్లతో, వెండి తెర మీద. ఎడమ కంటి రీలు తెగి రెండు ఫ్రేములు పోతే కుడి రీలులోనూ ఆ రెండూ తీసెయ్యాలి, లేదా ఎడమ దాంట్లో రెండు నల్ల ఫ్రేములు అతకాలి. ఆపరేటర్ మరిచిపోతే ఒక కన్ను ముందు, ఒక కన్ను వెనక, జనానికి తలనొప్పి. 'క్రియేచర్ ఫ్రమ్ ది బ్లాక్ లగూన్' ఎర్ర-నీలం కాపీ తర్వాతి కాలానిది. అది దొరికితే వదిలేసి మామూలు కాపీ చూడటం మేలు.

చీమలపుట్ట
ఆ క్రియేచర్ ఇద్దరు మనుషులు. నేల మీద బెన్ చాప్‌మన్, నీళ్లలో రికూ బ్రౌనింగ్. నీటి సీన్లు ఫ్లోరిడాలో వకుల్లా స్ప్రింగ్స్‌లో తీశారు. సూటులో గాలి సిలిండర్ లేదు, ఉంటే బుడగలు వస్తాయి. ఫ్రేము బయట గొట్టంతో గాలి పీల్చి, ఊపిరి బిగబట్టి షాటు చేసేవాడు. ఆ జీవికి రూపం గీసిన మిలిసెంట్ ప్యాట్రిక్ పేరు టైటిల్స్‌లో వెయ్యలేదు. ఆమె పేరు ఇక్కడైనా ఉండాలని రాస్తున్నాను.

లెక్కలపద్దు
మన వైపు ముడి ఒకటుంది. 1952 'ది జంగిల్' సేలం మాడరన్ థియేటర్స్, హాలీవుడ్ కలిసి ఇక్కడే తీసిన సినిమా. అందులో మామత్‌లు అంటే మన ఏనుగులే, ఒంటికి బొచ్చు తొడిగారు.

వెన్నెల_వీధి
బొచ్చు తొడిగించుకుని నిలబడ్డ ఆ ఏనుగుల ఓర్పుకి దండం పెట్టాలి.

పెన్నా_తీరం
'ప్లాన్ 9' కాక్‌పిట్ సీను 1.85లో మళ్లీ చూశాను. నీడ పోయింది, ఓబీ అన్న చెప్పిన పరద ఉంది. గామా తగ్గిస్తే శ్మశానం బాగా మెరుగుపడింది. తర్వాత 'దెమ్', ఆపైన 'ష్రింకింగ్ మ్యాన్' అనుకుంటున్నాను. నాకు దొరికిన 'ష్రింకింగ్ మ్యాన్' 78 నిమిషాలే ఉంది, అసలు 81 అంటున్నారు. కోసేశారా?

రీలుపెట్టె
కొయ్యలేదు. అది యూరప్ డిస్కు నుంచి వచ్చినట్టుంది. సెకనుకి 24 ఫ్రేముల సినిమాని 25తో నడిపితే నిడివి 4 శాతం తగ్గుతుంది, 81 నిమిషాలు 78 దగ్గరికి వస్తాయి. గొంతులు కూడా కాస్త సన్నబడతాయి. వీఎల్‌సీలో వేగం 0.96 పెట్టండి. కదిలేటప్పుడు దువ్వెన పళ్లలా గీతలు కనిపిస్తే డీ మీట నొక్కండి.

పెన్నా_తీరం
దానికి క్రాప్ ఎంత?

నలుపుతెలుపు_నాని
1.85. సీ మీట ఇప్పుడెక్కడుందో అక్కడే ఉంచండి.